గుండ్లవంకకు వచ్చిన పడవ

మార్గశిర శుద్ధ విదియ

పడవను లారీ మీద నుంచి దించుతుంటే ఊరంతా వచ్చింది. సాయం పట్టడానికి కాదు, చూడటానికి.

నా పేరు నూకరత్నం. గోదావరి లంకల్లో పుట్టాను. వానలు కాలం మార్చుకున్నాక మా వైపు వరద చలికాలంలోనే వస్తోంది. అందుకే అక్కడ ఇళ్ళన్నీ గాలిపీపాల మీద కట్టుకున్నాం. కార్తీకం వెళ్ళగానే నీళ్ళు వస్తాయి, ఇళ్ళు తేలతాయి. మాఘం చివర నీళ్ళు తీస్తాయి, ఇళ్ళు మళ్ళీ నేల మీద కూర్చుంటాయి. ఆ నీళ్ళలో పడవ నడపడం, తాళ్ళు కట్టడం పిల్లలకీ పెద్దలకీ నేర్పే ఉద్యోగం నాది. ఈ ఏడు మా వరద శాఖ కొత్త ఆర్డరు తెచ్చింది. రాష్ట్రంలో ప్రతి మండలానికీ ఒక పడవ, ఒక బోధకురాలు. మినహాయింపుల్లేవు. నాకు రాయలసీమలో గుండ్లవంక వచ్చింది. బోధకులంతా రోజువారీ సంగతులు రాసి ఉంచాలన్నారు కాబట్టి రాస్తున్నాను.

గుండ్లవంక చుట్టూ గుట్టలు. గుట్టల నిండా సౌరపలకలు. పొద్దున్నే చూస్తే కొండలకు అద్దాల చీర కట్టినట్టుంటుంది. మా లంకల్లో వెలిగే ప్రతి దీపానికీ కరెంటు ఇక్కడి నుంచే వస్తుంది. అయినా ఈ ఊరి పేరు నేను ఇంతవరకూ వినలేదు. సీమ అంటే మావాళ్ళకి ఒక పెద్ద బండరాయి, దాని మీద ఒక మేక. అంతే.

ఊరి ప్రెసిడెంటు కుళ్ళాయప్ప గారు. ఏభై దాటిన మనిషి, బాగా పొడవు, భుజాన తువ్వాలు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ళతో తట్టి, నన్ను అడిగారు.

"మేడమ్, దీనికి చక్రాలు యాడుండాయి?"

జనం గొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాను.

బస ఓబుళమ్మక్క ఇంట్లో. ఆవిడ సంతలో ఉగ్గాణి అనే బొరుగుల తాలింపు, మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. ఆవిడ గొంతు ఊరి చివరిదాకా వినిపిస్తుంది. నేను వెంట తెచ్చుకున్న పది నీళ్ళ డబ్బాలను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవేందమ్మా?"

"తాగడానికండి. ఇక్కడ నీళ్ళు దొరకవన్నారు మావాళ్ళు."

ఆవిడ లోపలికి వెళ్ళి చెంబు నిండా చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. తియ్యగా ఉన్నాయి.

"మేం మూడు తరాలుగా ఏం తాగి బతుకుతాండామనుకున్నావు పాపా? ఎండనా?"


మార్గశిర శుద్ధ షష్ఠి

పడవలో ఎవరో వేరుశనగకాయలు ఆరబోశారు. తీయమంటే, "ఎట్లా ఖాళీగానే ఉండాది కదమ్మా" అన్నారు. సాయంత్రానికి దాన్నే గొర్రెలకు దాణా తొట్టి చేశారు.

ఊరి మధ్య నుంచి పోయే వాగు పేరే ఊరికీ పెట్టుకున్నారు. వాగును ఇక్కడ వంక అంటారు. అందులో నీళ్ళు లేవు. ఇసుక, ఏనుగులంత బండరాళ్ళు. ఆ రాళ్ళే గుండ్లు. వెడల్పుగా, చదునుగా ఉంది కాబట్టి ప్రతి మంగళవారం సంత అందులోనే జరుగుతుంది. మిగతా రోజుల్లో అదే దారి. వంక నడుమ ఒక సిమెంటు గది ఉంది. వాతావరణం చెప్పే యంత్రం అందులో ఉంటుంది. దాన్ని ఊళ్ళో అంతా సిద్ధాంతి అంటారు. రోజూ పొద్దున్నే గంభీరమైన గొంతుతో జోస్యం చెబుతుంది.

"ఈ రోజు పొడి వాతావరణం. వేరుశనగ ఆరబోసుకోవచ్చు."

నేను వచ్చిన రోజు నుంచీ ఇదే మాట. ఇంకేమైనా చెబుతుందా అని కుళ్ళాయప్ప గారిని అడిగాను.

"ఏమిటికి చెప్తాది? నూరేండ్ల లెక్క మేసింది దాని బుర్ర. నూరేండ్లూ మా పక్క కరువే."

"మరి దాన్ని వాగు మధ్యలో ఎందుకు కట్టారండి?"

"సర్కారు భూమి కదా. ఎవురూ అడ్డం చెప్పలేదు."

రాత్రి మా అన్నయ్య వీర్రాజుతో ఫోనులో మాట్లాడాను. అటు నీళ్ళు వచ్చేశాయట, ఇల్లు తేలిందట. "మన పిల్లి ఇంకా చూరు దిగట్లేదే. నీ సంగతేంటి, పడవ నడుపుతున్నావా?" అన్నాడు. గొర్రెలు తింటున్నాయని చెప్పాను. అటు నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది.


మార్గశిర శుద్ధ దశమి

ఇవాళ మొదటి పాఠం. గంట కొడతాను, అందరూ పడవ దగ్గరకు పరిగెత్తుకు రావాలి, ముసలివాళ్ళనీ పిల్లలనీ ముందు ఎక్కించాలి. మా లంకల్లో నేర్పేది ఇదే. పడవ వంకలో, సిద్ధాంతి గదికి దగ్గర్లో ఉంది.

గంట కొట్టాను. ఓ పాతికమంది నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు. ఒకాయన బీడీ వెలిగించుకుని మరీ వచ్చాడు. లక్ష్మక్క అని శనక్కాయలమ్మే అవ్వ ఉంది. చెవులు సరిగ్గా వినపడవు. గంట వినపడక, జనం కదలడం చూసి ఎవరో పోయారనుకుని ఏడుస్తూ వచ్చింది. ఆవిడను ఓదార్చేసరికి సగం పాఠం అయిపోయింది.

మనవరాలిని చంకనెత్తుకుని వచ్చిన ఓబుళమ్మక్క మాత్రం ఒక ప్రశ్న వేసింది.

"నీళ్ళు యాడొస్తాయి?"

"వాగులో."

"పడవ యాడుండాది?"

"వాగులో."

"అంటే నీళ్ళొస్తాంటే నీళ్ళలోకి పరిగెత్తల్లంటావా?"

ఓపిగ్గా చెప్పాను. వరద మెల్లగా వస్తుందనీ, చీలమండ దాకా వచ్చి మోకాలి దాకా రావడానికి ఒక పూట పడుతుందనీ, ఆలోగా పడవెక్కి హాయిగా కూర్చోవచ్చనీ, ఆపైన మూడు నెలలు అందులోనే తిరగాలి కాబట్టి బియ్యం, ఉప్పు, ఊరగాయ ముందే సర్దుకోవాలనీ చెప్పాను.

"మూడు నెలలా?" కుళ్ళాయప్ప గారి కళ్ళు పెద్దవయ్యాయి. "మూడు నెలలు నీళ్ళు గమ్మున నిలబడుకోనుంటాయా? వాటికేం పని లేదా?"

మళ్ళీ నవ్వులు. నేర్చుకునేవాళ్ళు నవ్వుతుంటే నేర్పడం కష్టం. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఊళ్ళో నన్ను ఎవరూ పస్తు పడుకోనివ్వరు. ఇవాళ మూడిళ్ళలో భోంచేశాను.


మార్గశిర బహుళ పాడ్యమి

నీళ్ళు వచ్చాయి!

మధ్యాహ్నం గుట్టల మీద మబ్బు కమ్మింది. ఊళ్ళో నాలుగు చినుకులు రాలాయి, అంతే. ఆ తరవాత కాసేపటికి వంకలో ఎర్రటి నీళ్ళు పాములా జారుకుంటూ వచ్చి, చూస్తుండగానే మోకాలి లోతయ్యాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. పసుపు కుంకుమలు తెచ్చి చల్లారు కొందరు.

నేను చప్పట్లు కొట్టలేదు. పరుగున ఇంటికి వెళ్ళి, నా ట్రంకుపెట్టెను అటక మీదికి ఎక్కించాను. ఓబుళమ్మక్క బియ్యం మూటను దూలానికి వేలాడగట్టాను. పొయ్యిని మంచం మీద పెట్టాను. కోళ్ళను బుట్టలో వేసి ఆ బుట్టను గూట్లో పెట్టాను. వీర్రాజుకు ఫోను చేసి, "వచ్చేసింది అన్నయ్యా, ఇక మాఘం దాకా ఇదే" అన్నాను. చెమటలు తుడుచుకుంటూ బయటికి వచ్చాను.

వంకలో నీళ్ళు లేవు. జనం తడి ఇసుక మీద నడుస్తున్నారు.

"యాడికి పోయినాయి?" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ళ యాస వచ్చేసింది.

"పోయినాయి" అన్నారు కుళ్ళాయప్ప గారు. "వచ్చినాయి, పోయినాయి. నీళ్ళకు మా ఊర్లో పని లేదు మేడమ్."

ఓబుళమ్మక్క ఇంట్లోకి చూసింది. మంచం మీద పొయ్యి, దూలానికి వేలాడుతున్న బియ్యం, గూట్లోంచి కొక్కొక్కొమంటున్న కోళ్ళు. నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. ఈ కబురు రేపటికి మండలమంతా చేరుతుంది.

కానీ తరవాత మేమిద్దరం పడవ చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది. నేను రెండు మోకులతో గట్టిగా కట్టిన పడవ అక్కడ లేదు. మోకులు తెగిపోయాయి. పడవ చాలా దూరాన ఒక గుండు మీద వాలి ఉంది. అంచు ఒకచోట చీలింది. మోకాలి లోతు నీళ్ళు చేసిన పని అది.

ఓబుళమ్మక్క ఆ చీలిక మీద చెయ్యి పెట్టి చూసింది.

"దీంట్లో నా మనవరాల్ని ఎక్కించమంటివి కదా నువ్వు" అంది. కోపంగా కాదు, మామూలుగా.

మా నీళ్ళు వచ్చి కూర్చుంటాయి. వీళ్ళ నీళ్ళు పరిగెత్తుతాయి. రెండిటికీ పేరొక్కటే.


మార్గశిర బహుళ తదియ

పలకల పని చూసే సూపర్‌వైజరు మస్తాన్ వలి గుట్ట మీద ఆఫీసులో ఉంటాడు. మాట తక్కువ మనిషి. అతని దగ్గరికి వెళ్ళి, నాలుగు చినుకులకే అన్ని నీళ్ళు ఎలా వచ్చాయని అడిగాను.

అతను నన్ను పలకల వరసల మధ్యకు తీసుకువెళ్ళి, చెంబుతో నీళ్ళు ఒక పలక మీద పోశాడు. చుక్క కూడా నిలవకుండా జారి, కింద రాతి కాలవలో పడి, పల్లానికి పరిగెత్తాయి.

"ఇంతకుముందు ఈడ చెట్లుండె, మట్టుండె. సగం నీళ్ళు మట్టే తాగుతుండె" అన్నాడు. "పోయిన ఎండాకాలం ఆ పైగుట్టలకు కూడా పలకలేసినాం. అద్దం నీళ్ళు తాగదు కదా అక్కా."

పైగుట్టలు చూశాను. కనుచూపు మేరా అద్దమే. అన్ని నీళ్ళకూ దారి ఒక్కటే, సంత జరిగే చోటు.

కిందికి వచ్చి కుళ్ళాయప్ప గారితో చెప్పాను. పడవను గుట్ట మీదికి ఎక్కించాలి, పాఠం మార్చాలి, గంట కొడితే అందరూ గుట్టెక్కాలి, సంతను వేరే చోటికి మార్చాలి. ఆయన అంతా మర్యాదగా విన్నారు.

"మేడమ్, వరద వస్తాదని నువ్వు చెప్తివి. వచ్చె, పాయె. నీ మాట నిలబడె. మళ్ళీ ఇంగేముండాది? ఈ సంత మా తాతల కాలం నుంచి ఆడే జరుగుతాండాది."

"మీ తాతల కాలంలో కొండ మీద అద్దాలు లేవు కదండీ."

"పడవ కావాలంటే గుట్టెక్కించుకో. సంత జోలికి మాత్రం రావద్దు."

పడవను ట్రాక్టరుకు కట్టి గుట్ట మీద మస్తాన్ వలి ఆఫీసు పక్కకు చేర్చాం. చీలికకు అతనే తారు పూసి, రేకు బిగించాడు. దారి పొడవునా జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు.

"కోస్తా పాప పడవను ఆకాశంలో తోలుతాదంట!" అని ఎవరో అరిచారు.

చెయ్యి ఊపాను. ఇంకేం చేస్తాను.


మార్గశిర బహుళ నవమి, మంగళవారం

బట్టలు ఇంకా ఆరలేదు. అయినా వరసగా రాస్తాను.

పొద్దున ఎండ బాగా కాసింది. సంత నిండుగా ఉంది. కూరగాయలు, గాజులు, గొర్రెలు, చలికి ఉన్ని కంబళ్ళు. ఓబుళమ్మక్క బాణలిలో బజ్జీలు వేగుతున్నాయి. సిద్ధాంతి తన మాట తాను చెబుతోంది. నేను అక్క పక్కన కూర్చుని శనగపిండి కలుపుతున్నాను. మస్తాన్ వలి ఫోను వచ్చింది.

"అక్కా, పైగుట్టల మీద కుమ్మరిస్తాండాది. ఎదురుగా మనిషి కనపడ్డంలేదు. పలకలు తుడిచే మరలు కొట్టుకోని పోతాండాయి."

అంత మాట తక్కువ మనిషి అన్ని మాటలు ఆగకుండా చెప్పాడు.

తల ఎత్తి చూశాను. ఊరి మీద నీలంగా ఉంది ఆకాశం. పరిగెత్తుకెళ్ళి గంట కొట్టాను. "గుట్టెక్కండి! అందరూ గుట్టెక్కండి!" అని అరిచాను. కొందరు తల తిప్పి చూశారు. ఒకామె వంకాయల బేరం ఆపకుండానే నవ్వింది. కుళ్ళాయప్ప గారు దూరం నుంచి తువ్వాలు ఊపారు, ఇక చాల్లే అన్నట్టు.

గంట వదిలేసి ఓబుళమ్మక్క దగ్గరికి వచ్చాను. చేతులు పట్టుకున్నాను.

"అక్కా, నా మాట ఎవరూ వినరు. నువ్వు చెప్పు."

ఆవిడ నా మొహం చూసింది. ఒక్క క్షణం. తరవాత పొయ్యి ఆర్పి, బజ్జీల పళ్ళెం నెత్తిన పెట్టుకుని, ఊరి చివరిదాకా వినిపించే ఆ గొంతు ఎత్తింది.

"ఇనండప్పా! ఓబుళమ్మ బజ్జీలు ఈ పొద్దు ఊరికే! దుడ్లు వద్దు! గుట్ట మీద పెడ్తాండా, ముందొచ్చినోళ్ళకే!"

నేను అన్ని రోజులు గంట కొట్టి చేయలేనిది ఆ మాట చేసింది. జనం లేచారు. పిల్లలు ముందు, వాళ్ళ వెనక తల్లులు, వాళ్ళ వెనక బేరగాళ్ళు. గొర్రెలవాళ్ళు గొర్రెల్ని కూడా తోలుకొచ్చారు. అందరూ పోతున్నారు కాబట్టి మిగిలినవాళ్ళూ కదిలారు. కుళ్ళాయప్ప గారు కూడా సగం దారి ఎక్కి, "ఓబుళమ్మా, నీకేమైనా పిచ్చి పట్టిందా?" అంటూ ఒక బజ్జీ తీసుకున్నారు.

అప్పుడు చప్పుడు వినిపించింది. లారీలు వరసగా వస్తున్నట్టు. నీళ్ళ చప్పుడు కాదది, గుండ్లు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు.

ఆయన కిందికి చూశారు. ఖాళీ సంతలో, శనక్కాయల గంప ముందు, లక్ష్మక్క ఒక్కతే కూర్చుని ఉంది. గంట వినలేదు, కేకా వినలేదు, జనం పోతున్నా గంప వదిలి కదల్లేదు.

కుళ్ళాయప్ప గారు బజ్జీ పారేసి కిందికి పరిగెత్తారు. ఆయన అంత వేగంగా పరిగెత్తగలరని నేను ఊహించలేదు. అవ్వను రెండు చేతులా ఎత్తుకున్నారు. అప్పటికే వంక మలుపులో ఎర్రటి గోడ కనిపించింది. గట్టుకు రావడానికి వ్యవధి లేదు. దగ్గర్లో ఉన్నది సిద్ధాంతి గది. అవ్వను దాని మిద్దె మీదికి తోసి తానూ ఎక్కారు. నీళ్ళు వచ్చి గదిని చుట్టేశాయి.

సంత పోయింది. గుడారాలు, బండ్లు, తూకాలు, నేను పాఠం చెప్పిన ఇసుక, అన్నీ ఎర్రటి నీళ్ళ కింద. గది తలుపు పైఅంచు దాకా మునిగింది. అంత రొదలోనూ సిద్ధాంతి గొంతు వినిపించింది.

"ఈ రోజు పొడి వాతావరణం. వేరుశనగ..."

గొంతులోకి నీళ్ళు పోయాయి. ఆ మిద్దె మీద నిలబడి కుళ్ళాయప్ప గారు దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

నీళ్ళు పోయేదాకా ఆగుదామన్నారు కొందరు. కానీ ప్రతి గుండూ వచ్చి ఆ గదిని ఢీకొంటోంది. ఒక మూల అప్పటికే రాలిపోయింది.

మా వైపు కూడా వరద మొదట్లో గోదావరి పాయలు ఇలాగే పరిగెత్తుతాయి. అప్పుడు తెడ్డు వేయం. ఎగువన గట్టు మీద పొడవాటి తాడు కట్టి, రెండో కొస పడవకు కట్టి, పడవ ముక్కును ఏటవాలుగా తిప్పుతాం. ప్రవాహమే పడవను అటు తోస్తుంది. ముక్కు ఇటు తిప్పితే ఇటు తెస్తుంది. తాడు గట్టిదైతే చాలు. ఆ మాటే చెప్పాను. నా మోకులు పనికిరావని మొన్ననే చూశాను.

అప్పటికి పైగుట్టల నుంచి దిగొచ్చిన మస్తాన్ వలి ఆఫీసులోకి వెళ్ళి, చేతి మందాన ఉన్న కరెంటు తీగ చుట్ట దొర్లించుకొచ్చాడు. నేను ఎగువన ఉన్న పెద్ద గుండుకు కట్టబోయాను.

"దానికొద్దు. అది ఇసుకలో కూసోనుండాది, కదులుతాది" అన్నాడు. "పలకల స్తంభానికి కట్టు. రాతిని తొలిచి దింపినాం."

ఊరంతా పట్టింది. పడవను గుట్ట మీద నుంచి చేతుల మీద దించారు. నేనూ మస్తాన్ వలీ ఎక్కాం. నీళ్ళలో పెట్టగానే పడవ అడవి గుర్రంలా ఎగిరింది. చుక్కాని రెండు చేతులా పట్టుకుని ముక్కు తిప్పాను. మొదటిసారి గదిని దాటి కిందికి పోయాం. స్తంభం దగ్గర తీగ పట్టుకున్నవాళ్ళు వెనక్కి లాగారు. గట్టున ఓబుళమ్మక్క "లాగండప్పా, లాగండి" అని పాట కట్టినట్టు అరుస్తోంది. రెండోసారి పడవ వెళ్ళి గది గోడకు తగిలింది.

లక్ష్మక్కను అందించారు. ఆవిడ గంపను కూడా అందించబోయింది. మస్తాన్ వలి జన్మలో మొదటిసారి అరిచాడనుకుంటాను. గంప వదిలేసింది. కుళ్ళాయప్ప గారు మాత్రం మిద్దె అంచున కదలకుండా నిలబడ్డారు.

"మేడమ్, ఇది మునగదు గదా?"

"మీరు కూర్చుంటే మునగదండి. నిలబడితే నేను చెప్పలేను."

దూకి కూర్చుని, నా జబ్బ పట్టుకున్నారు. పెద్ద మనిషి పట్టు, ఇంకా కమిలి ఉంది. ముక్కు ఇటు తిప్పాను. సగం దారిలో వెనక పెద్ద చప్పుడైంది. ఎవరమూ తిరిగి చూడలేదు. గట్టెక్కాక చూస్తే అక్కడ గది లేదు.

పొద్దు వాలేలోగా వంకలో మళ్ళీ ఇసుక తేలింది.


మార్గశిర బహుళ ఏకాదశి

సరుకులు పోయాయి, బండ్లు పోయాయి, తోలుకురావడం కుదరని కొన్ని గొర్రెలు పోయాయి. మనుషులు మిగిలారు. ఇళ్ళలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. లక్ష్మక్క తన గంప కోసం వంక వెంట నడుస్తోంది. రోజూ ఎవరో ఒకరు తోడు వెళ్తున్నారు.

సంత ఇక గుట్ట మీదేనని కుళ్ళాయప్ప గారే చాటింపు వేయించారు. అన్న మాట ప్రకారం ఈ రెండు రోజుల్లో ఓబుళమ్మక్క ఊరికే వేసి పంచిన బజ్జీలు కొన్ని వందలు. ఊళ్ళోవాళ్ళు పిండీ నూనే మిరపకాయలూ తెచ్చి ఆవిడ అరుగు మీద పెట్టి పోతున్నారు.

జరిగినదంతా శాఖకు పంపాను. ఇవాళ జవాబు వచ్చింది. "మీ మండలం శాశ్వత పొడి ప్రాంతంగా నమోదై ఉన్నది. వరద సమాచారం పొరపాటున పంపినట్లు భావిస్తున్నాము. సరిచూసి తిరిగి పంపగలరు."

కుళ్ళాయప్ప గారు దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

"పొరపాటున వచ్చిందంటనా వరద?"

"కాదండి, పొరపాటున చెప్పానంటున్నారు."

"ఆ ఆఫీసు యాడుండాది?"

"మా వైపే. కోస్తాలో."

"పదండి పోదాం. నేనే చెప్తా." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఆ మిద్దె మీద ఏమనుకుంటినో ఆ ఆఫీసోళ్ళకు ఇనిపించల్ల."


మాఘ శుద్ధ పంచమి

పుష్యమంతా ఆఫీసు నుంచి పిలుపు కోసం చూశాం, తీరా వెళ్ళాక పని ఒక్క పూటలో అయింది. కుళ్ళాయప్ప గారు తన గొంతుతో, తన యాసలో, మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. సిద్ధాంతిని తిట్టిన తిట్లతో సహా. పెద్దాఫీసరు మధ్యలో పటం తీసి చూపించబోతే, "ఆ రంగులు నాకొద్దు నాయనా, మనిషిని పంపి చూడు" అన్నారు. పంపుతున్నారు. గుండ్లవంకకు రెండో పడవ, ఎగువ గుట్టల మీద వాన కొలిచే మరలు కూడా ఒప్పుకున్నారు.

అక్కడి నుంచి మా లంక దగ్గరే. ఇద్దరినీ ఇంటికి తీసుకొచ్చాను. ఓబుళమ్మక్క కూడా వచ్చింది మరి. ఆఫీసువాళ్ళు మాట వినకపోతే తన గొంతు కావాలని.

మా వైపు నీళ్ళు ఇంకా తీయలేదు. మోకాలి లోతున, అద్దంలా, చప్పుడు లేకుండా, చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. వీర్రాజు పడవతో ఎదురొచ్చాడు.

"రండి రండి, దయచెయ్యండి. ప్రయాణం బాగా జరిగిందాండి? మా చెల్లెలు కోళ్ళని గూట్లో పెట్టిందంట కదండీ?"

"అదొగటేనా?" అంది ఓబుళమ్మక్క. "పొయ్యిని మంచమెక్కించింది." ఇద్దరికీ అక్కడే స్నేహం కుదిరింది.

భోజనాలయ్యాక కుళ్ళాయప్ప గారు వసారాలో కూర్చుని చాలాసేపు నీళ్ళనే చూశారు. అవి కదలకపోవడం ఆయనకు నచ్చలేదు.

"ఇవి యాడికీ పోవా?"

"ఎక్కడికెళ్తాయండి, చుట్టాల్లాగా తిష్ట వేశాయి. మాఘం చివర్న వెళ్తాయి" అన్నాడు వీర్రాజు.

"మీకు భయం కాదా?"

"పుట్టినకాడ్నించీ ఇవేనండి. మీ గుండ్ల కబురు చెల్లి చెప్తే మాకు నిద్ర పట్టలేదండి బాబూ."

కుళ్ళాయప్ప గారు లేచారు. తరవాత తువ్వాలు పక్కన పెట్టి, పంచె పైకి కట్టి, వసారా మెట్టు మీద నుంచి ఒక కాలు నీళ్ళలో పెట్టారు. వీర్రాజు లేవబోతే నేను ఆపాను. రెండో కాలూ పెట్టారు. చేతులు రెండు వైపులా చాపి, తాడు మీద నడిచే మనిషిలా నాలుగడుగులు వేశారు. మళ్ళీ నాలుగు. ఒకచోట ఆగి, పాదంతో కింద తడిమారు.

"ఈడేందో గుచ్చుకుంటాండాది."

"వరి దుబ్బులండి" అన్నాడు వీర్రాజు. "మా చేను. కార్తీకంలో కోశాం. మీ కుడి పక్కన గట్టుంటుంది చూడండి, అది దాటితే మా బాబాయిగారి చేను. అల్లక్కడ మా పాకండి, దూడల్ని కట్టేది."

కుళ్ళాయప్ప గారు వంగి చెయ్యి నీళ్ళలో పెట్టారు. తడిమి తడిమి ఒక దుబ్బును పట్టుకున్నారు. లాగితే రాలేదు. మళ్ళీ లాగలేదు. అలాగే వంగి, దాన్ని పట్టుకుని ఉన్నారు కాసేపు. ఆయన మొహం నాకు కనిపించలేదు.

తరవాత మా వైపు తిరిగి పిలిచారు.

"ఓబుళమ్మా, దిగు. కింద ఊరుండాది."

ఓబుళమ్మక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, మెట్టు దిగింది.